నర్సు చదువు డ్యూటీలో భాగము కావలెను
(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, అంతర్జాతీయ నర్సుల దినమున, రైల్వే-తపాలా ఉద్యోగుల కుటుంబముల సభలో ఒక విశ్రాంత నర్సింగు ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా మే 12వ తేదీన నర్సులను పిలిచి, శాలువా కప్పి, ఒక గులాబీ చేతికిచ్చి, దేవతలని పొగడి పంపుట ఆచారమైనది. శాలువాలకు నేను వ్యతిరేకిని కాను. మా ఇంట పదునాలుగు గలవు. కాని దేవతకు జీతము అక్కరలేదు, సెలవు అక్కరలేదు, చదువు అసలే అక్కరలేదు. నర్సుకు ఈ మూడును కావలెను. జీతమును గూర్చి, సెలవును గూర్చి మన సభలలో చాలాసార్లు మాట్లాడుకొన్నాము. ఉద్యోగములో చేరిన తరువాత నర్సు చదువవలసిన చదువును గూర్చి మాత్రము ఎవరును మాట్లాడలేదు. ఈ దినము అదియే చెప్పదలచినాను.

బిలాస్‌పూరులో తెలుగు ప్రసంగము వినుటకు ఇంతమంది ఎట్లు పోగైనారో పిల్లలకు తెలియకపోవచ్చును. 1902లో తూర్పు తీరపు రైలుమార్గములోని ఉత్తర భాగము బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసినది. 1931లో విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరునకు మార్గము పూర్తియైనది. ఆ దారులవెంట శ్రీకాకుళము, విజయనగరము వైపు తాతలు గ్యాంగులలోను, షెడ్లలోను పని వెదకుకొనుచు ఇటు వచ్చినారు. బెంగాల్ నాగపూర్ పోయి ఆగ్నేయ రైల్వే వచ్చినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి మన ఊరే దానికి ప్రధాన కార్యాలయమైనది. వచ్చినవారి మనుమలు ఇప్పుడు హిందీ చక్కగా మాట్లాడుదురు. అయినను వార్డులో నొప్పి మించినప్పుడు “ఓలమ్మో” అనియే అరచుదురు. ప్రక్క మంచము మీది ఛత్తీస్‌గఢీ తల్లి “పీరా” అనును. కేరళ నుండి వచ్చిన నర్సు ఆ రెండు మాటలను నేర్చుకొనవలెను. చూడుడు, చదువు అక్కడనే మొదలైనది.

ఇక నా సంగతి చెప్పెదను. ఊరు పేరు, ఆస్పత్రి పేరు అవసరము లేదు. అది ఇక్కడికి చాలా దూరము. అప్పటికి నాకు ఇరువది రెండేండ్ల సర్వీసు. రాత్రి డ్యూటీలో నలుబది మంది రోగులకు నేనొక్కతెను, ఒక ఆయా. వారిలో ఒక విశ్రాంత గార్డుగారు మధుమేహముతో చేరియుండినారు. భోజనమునకు ముందు 20 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వవలెనని కేసు షీటులో వ్రాసియున్నది. మా వార్డునకు ఎల్లప్పుడును వచ్చునది మిల్లీలీటరునకు 40 యూనిట్ల మందు. దానికి ఎర్రమూత సిరంజి. ఆ వారము స్టోరులో అది అయిపోయి, మిల్లీలీటరునకు 100 యూనిట్ల మందు వచ్చినది. దానికి నారింజరంగు మూత సిరంజి వాడవలెను. మందు వచ్చినది, సిరంజి రాలేదు. రెండు రకములున్నవని నాకు ఎవరును చెప్పలేదు. నేను శిక్షణ పొందిన దినములలో గాజు సిరంజీలను ఉడకబెట్టి వాడుచుంటిమి. అప్పుడు నేర్చినది 40 మాత్రమే. ఎర్రమూత సిరంజిలో 20 గీత వరకు తీసితిని. అనగా అర మిల్లీలీటరు. పాత మందైనచో అది 20 యూనిట్లు. ఈ మందులో అది 50.

రాత్రి పదకొండు గంటలకు గార్డుగారు చెమటతో తడిసిపోయి, తాను బ్రేకువ్యానులో ఉన్నట్లు “సిగ్నలు పడలేదమ్మా, పడలేదు” అని పలవరించుచుండినారు. గ్లూకోజు నరములోనికి ఎక్కించగా బ్రతికినారు. తెల్లవారిన తరువాత ఆయనయే నన్ను ఓదార్చినారు. నాకు ఛార్జిషీటు వచ్చినది. విచారణలో “నీవెందుకు పొరపాటు చేసితివి?” అని ఆరు విధముల అడిగినారు. “ఈ మందు మారినదని నీకెవరు చెప్పినారు?” అని ఒక్కరును అడుగలేదు. ఒక ఇంక్రిమెంటు ఆపినారు. అది నాకు అన్యాయమని నేను చెప్పను. పొరపాటు నా చేతితో జరిగినది. కాని శిక్ష పడిన మరుసటి నెల కూడ ఆ వార్డులోని ఇతర నర్సులకు రెండు సిరంజీల భేదమును ఎవరును చూపలేదు. నేనే చూపినాను, టీ త్రాగు వేళలో.

రైల్వే సోదరులను ఒక మాట అడిగెదను. కొత్త సెక్షనులో ఎల్.ఆర్. చేయనిదే లోకో పైలటును బండి మీద బుక్ చేయుదురా? స్టేషను పనివిధాన నియమములను చదివి సంతకము పెట్టనిదే స్టేషను మాస్టరు డ్యూటీ తీసికొనునా? నిర్ణీత కాలమునకు రిఫ్రెషర్ కోర్సునకు పంపనిచో మన యూనియనులే అడ్డుపడును. తపాలా సోదరులకు మైసూరు శిక్షణ కేంద్రము తెలియును. 2013 తరువాత తపాలా కచేరీలకు కోర్ బ్యాంకింగ్ వచ్చినప్పుడు చాలని శిక్షణతో కౌంటరు వద్ద కూర్చున్నవారు పడిన అవస్థయు తెలియును. అచ్చట తప్పు అంకె పడినచో మరునాడు దిద్దవచ్చును. వార్డులో ఒక్కొక్కమారు మరునాడు ఉండదు.

నేను చేరిననాటికి, విరమించిననాటికి మధ్య ఎన్ని మారినవో చెప్పుచు పోయినచో సభ తెల్లవారును. ఒకటి రెండు మాత్రము చెప్పెదను. ఆగిన గుండెకు చేయు చికిత్సలో మొదట శ్వాసమార్గము, తరువాత ఊపిరి, తరువాత గుండె అని మాకు నేర్పినారు. 2010లో ఆ క్రమమే మారినది: మొదట రొమ్మును నొక్కవలెను, నిమిషమునకు 100 నుండి 120 మార్లు. పాత క్రమము మాత్రమే తెలిసిన నర్సు మంచి మనసుతోనే ఆలస్యము చేయును. వ్యర్థముల విషయములో 1998లో నియమములు వచ్చినవి, 2016లో మరల మారినవి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలము డబ్బాలలో ఏది దేనిలో వేయవలెనో తెలియనిచో సూది గ్రుచ్చుకొనునది సఫాయీ ఉద్యోగి చేతికి. ఆయనయు మన సభ్యుడే.

మన ప్రాంతపు జబ్బును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ రక్తహీనత ఎక్కువ. మన ఆంధ్ర ఏజెన్సీలోని గిరిజనులలోను కలదు. ఎర్ర రక్తకణములు కొడవలి వలె వంగి సన్నని నాళములలో అడ్డుపడినప్పుడు ఎముకలు విరిగినంత నొప్పి పుట్టును. పైకి గాయముండదు, వాపు కనబడదు. తెలియని నర్సు “ఈ పిల్లవాడు నటించుచున్నాడు” అనుకొనును. నేను మొదటి ఏడాది అట్లే అనుకొన్నాను. తెలిసిన నర్సు వెంటనే నొప్పి తగ్గు మందు ఇప్పించి, నీరు పట్టించి, వెచ్చగా కప్పి, జ్వరమున్నదేమో చూచి వైద్యుని పిలుచును. మన బిలాస్‌పూర్-కట్నీ మార్గములోని షహడోల్‌లోనే 2023 జూలై 1న ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమమును ప్రారంభించినారు. పోస్టర్లు మన ప్లాట్‌ఫారములమీద కూడ అంటించినారు. పోస్టరు నర్సుకు చికిత్స నేర్పదు.

మన ఊరి పేరు లోకమంతట వినబడిన ఒక దుర్దినము కలదు. 2014 నవంబరు 8న, పట్టణమునకు సమీపమున, మూతబడియున్న ఒక ఆస్పత్రి భవనములో కుటుంబ నియంత్రణ శిబిరము జరిగినది. ఒక్క శస్త్రవైద్యుడు కొన్ని గంటలలో 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్స చేసినాడు. వారిలో పదిమందికి పైగా మరణించినారు. మందులలో విషము కలిసినదా, పరికరముల శుభ్రతలో లోపమా అను వివాదము చాలకాలము నడచినది. ఒక బృందము దినమునకు 30 మందికి మించి చేయరాదని ప్రభుత్వ నియమము అప్పటికే కలదు. సర్వోన్నత న్యాయస్థానము 2016 సెప్టెంబరులో అట్టి శిబిరములను మూడేండ్లలో మాన్పింపవలెనని చెప్పినది. ఆ గదిలోనున్న సిబ్బందిని నేను నిందించుటలేదు. నాకు కలుగు ఆలోచన వేరు. 30 అను అంకెను ఎరిగి, ముప్పది ఒకటవ స్త్రీని బల్లమీదికి తెచ్చినప్పుడు “ఇక చాలును డాక్టరుగారూ” అని అనగల నర్సు ఎట్లు తయారగును? నియమమును చదివించియుండవలెను, అనినందుకు బదిలీ రాదను ధైర్యమును ఇచ్చియుండవలెను. మొదటిది శిక్షణాలయము పని. రెండవది మీ పని.

నర్సు చదువునకు, రోగి ప్రాణమునకు గల సంబంధము వట్టి ఊహ కాదు. 2014లోనే, ఐరోపాలోని 9 దేశములలో 300 ఆస్పత్రులలో నాలుగు లక్షలకు పైబడిన శస్త్రచికిత్స రోగుల వివరములను పరిశీలించి, లిండా ఐకెన్ బృందము లాన్సెట్ పత్రికలో ప్రకటించినది. నర్సుపై ఒక్కొక్క రోగి భారము పెరిగినకొద్దీ నెలలోపల మరణించు అవకాశము 7 శాతము చొప్పున పెరిగినది. పట్టభద్రులైన నర్సుల పాలు 10 శాతము పెరిగినచోట అది 7 శాతము తగ్గినది. రెండును ఒకే పరిశోధనలో తేలినవని గమనింపుడు. చదువును, సంఖ్యను విడదీయరాదు.

ఇచ్చటనే మన చిక్కంతయు ఉన్నది. 1946లో భోర్ కమిటీ 43,000 మంది జనులకు ఒక నర్సు ఉన్నదని లెక్క చెప్పినది. అప్పటినుండి చాల దూరము వచ్చినాము, నిజమే. భారత నర్సింగు మండలి ప్రమాణము ప్రకారము బోధనాస్పత్రులలో ముగ్గురు రోగులకు, సాధారణ ఆస్పత్రులలో ఐదుగురికి ఒక నర్సు ఉండవలెను; పైగా సెలవులకు 30 శాతము అదనపు సిబ్బంది. ఆ అదనపు సిబ్బంది కాగితముమీదనే మిగిలినచోట శిక్షణకు పంపుటకు ఎవరున్నారు? ఒక నర్సు తరగతికి పోయినచో మరొక నర్సు రెండు డ్యూటీలు చేయవలెను. అందుచేత మేట్రను ఎవరినీ పంపదు. ఆమెను తిట్టి లాభము లేదు. రోస్టరు నింపి చూచినవారికి ఆ బాధ తెలియును.

1980ల చివర సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన నియమితమైన ఉన్నతాధికార సంఘము నర్సులకు క్రమముగా పునశ్చరణ శిక్షణ, ఉన్నత విద్యకు డెప్యుటేషను కావలెనని సిఫారసు చేసినది. అటుపిమ్మట నర్సింగు మండలి రిజిస్ట్రేషను నవీకరణమునకు ఐదేండ్లలో 150 గంటల నిరంతర విద్య ఉండవలెనను పద్ధతిని తెచ్చినది. 1947 నాటి చట్టమునకు మారుగా 2023లో పార్లమెంటు కొత్త చట్టమును చేసినది. 150 గంటలనగా ఏడాదికి 30, నెలకు రెండున్నర. ఇది భయపడవలసిన భారము కాదు. ఆ రెండున్నర గంటలు ఎవరివి అనునదే తగవు.

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన నర్సు పిల్లలకు అన్నము వండుచు, ఫోనును ఉప్పుడబ్బాకు ఆనించి, కర్మయోగి వేదికలోని పాఠమును నడిపించుచుండుట నేను కన్నులార చూచినాను. చివర ప్రశ్నలు వచ్చినప్పుడు పెద్దకొడుకు నొక్కినాడు. ధ్రువపత్రము వచ్చినది, తల్లి పేరు మీద కొడుకు ఉత్తీర్ణుడైనాడు. ఫోను పాఠములు పనికిరావని నేననను. ఔషధముల పట్టికలు, కొత్త నియమములు అట్లు చదువవచ్చును. కాని గుండె నొక్కుట, గొట్టము వేయుట, ప్రసవమైన తల్లికి రక్తస్రావము ఆపుట చేతితో చేసి నేర్చుకొనవలసిన పనులు. బొమ్మ కావలెను, నేర్పువారు కావలెను, తప్పు చేయుటకు తీరిక కావలెను.

మనకు పదునైదు ఇరువది కిలోమీటర్లలోనే గనియారీ గ్రామము కలదు. ఢిల్లీ అఖిల భారత వైద్య సంస్థలో చదివిన కొందరు వైద్యులు 1990ల చివర అచ్చట జన స్వాస్థ్య సహయోగ్ అను సంస్థను నెలకొల్పినారు. పెద్దగా చదువులేని గ్రామ స్త్రీలను ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేసినారు. జ్వరము వచ్చినవాని వ్రేలినుండి రక్తపు చుక్కను గాజు పలకమీద తీసి, బస్సులో గనియారీకి పంపి, ఫలితము తెప్పించుకొను ఏర్పాటు చేసినారు. తపాలావారికి ఈ పద్ధతి నచ్చును. ఆ స్త్రీలకు ఒకమారు నేర్పి వదలివేయలేదు. మరల మరల కూర్చోబెట్టి, ఏ రోగిని ఎట్లు చూచినావని అడిగి నేర్పినారు. అడవి గ్రామములలో సాధ్యమైనది రైల్వే కాలనీలో ఎందుకు కాదో నాకు తెలియదు.

మన సమాఖ్య ముందుంచిన కోరికల పత్రములో వేతనములు, ఖాళీల భర్తీ, భత్యములు ఉన్నవి. వానికి నేను నాలుగు చేర్చమని కోరుచున్నాను. శిక్షణ గంటలను డ్యూటీ గంటలుగా లెక్కించవలెను. శిక్షణకు పోయినవారి స్థానమున మనిషి నిచ్చునట్లు అదనపు సిబ్బందిని నిజముగా నియమించవలెను. ఐదేండ్ల సర్వీసు నిండిన కేంద్రోద్యోగికి మొత్తముమీద 24 నెలల అధ్యయన సెలవు నియమములలో కలదు. దానిని నర్సు అడిగినప్పుడు “సిబ్బంది కొరత” అను రబ్బరు ముద్ర వేసి త్రిప్పి పంపుట మానవలెను. నాలుగవది చిన్నది, రూకయు ఖర్చు లేనిది: మందు గాని, పరికరము గాని మారినప్పుడు వార్డులో ప్రతి నర్సుకును చూపి, చూపినట్లు రిజిస్టరులో సంతకము తీసికొనవలెను. స్టేషను మాస్టరుకు ఉన్న పద్ధతియే.

ఈ నాలుగింటిని నర్సులు మాత్రమే అడిగినచో ఎవరికిని వినబడదు. ఆస్పత్రిలో మా సంఖ్య ఎంత! గ్యాంగుమన్, గార్డు, సార్టరు, పోస్టుమన్ అడుగవలెను. మంచముమీద పడుకొనునది వారు.

పత్రము ద్వారము వద్ద బల్లమీద నున్నది. నర్సులను తప్ప మిగిలిన అందరిని సంతకము చేయవలసినదిగా కోరుచున్నాను. నర్సులవి నిన్ననే తీసికొన్నాము. వెలుపల వరండాలో గుండె నొక్కుట నేర్చుకొను బొమ్మ నొకదానిని ఉంచినాము. టీ సిద్ధమగులోపల ఒక్కొక్కరు రెండు నిమిషములు నొక్కి చూడుడు. గార్డులు ముందు రండి.