కాలువ పారే నెలలో నేలను చూడండి

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

కష్టమైన స్థలాల్లో సెప్టిక్ వ్యవస్థలను రూపొందించడం మీరు నేర్చుకున్న విద్య. అలాంటి స్థలాల కోసం మీరు దూరం పోనక్కర్లేదు. మనమున్న ఈ నిడమనూరు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోనే ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో మెట్ట చేలు మాగాణులయ్యాయి, మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు లేచాయి. వాటితోపాటే భూమిలో నీటిమట్టమూ పైకొచ్చింది. నాట్లు పడ్డాక పొలం పక్క ఇంటి దొడ్లో కొంచెం లోతు తవ్వితే చాలు, ఊట పడుతుంది.

సూర్యాపేట వైపు వెళితే గ్రానైటు. పైన కాస్త చెల్క నేల, దాని కింద గడ్డపార దిగని బండ. కోదాడ దాటి మేళ్లచెరువు వైపు పోతే సున్నపురాయి. అక్కడ గుంతలో పోసిన నీళ్లు చూస్తుండగానే మాయమైతే ఇంటాయన "మంచిగ ఇంకుతున్నయి సార్" అని సంతోషపడతాడు. అవి ఇంకడం లేదు, రాతి పగుళ్ల వెంట పారిపోతున్నాయి. మురికి నీటిని శుద్ధి చేసేది మట్టి, మట్టిలోని గాలి, ఆ మట్టిలో బతికే సూక్ష్మజీవులు. అవేవీ లేని పగుళ్లలో ఆ నీరు ఎలా వెళ్లిందో అలాగే పక్కింటి బోరులో తేలుతుంది.

ఈ మూడు రకాల నేలల్లోనూ కనిపించేది మాత్రం ఒకే గుంత. నాలుగు సిమెంటు రింగులు దించడం, పైన మూత వేయడం, అంతే. ఇందులో మేస్త్రీని తప్పుపట్టలేం. వేరే డ్రాయింగ్ అతని చేతిలో ఎవరూ పెట్టలేదు. ఆ డ్రాయింగ్ ఇవ్వాల్సిన మనుషులు మీరే.

నేల ఎంత వేగంగా నీటిని తాగుతుందో కొలిచే పరీక్ష మీకు కొత్త కాదు. భారత ప్రమాణం ఐఎస్ 2470 దాన్ని వివరంగా చెప్పింది. ఇంకుడు వ్యవస్థ ఎంత లోతులో వస్తుందో అంత లోతుకు చిన్న గుంత తవ్వాలి. పక్కలు గీకి, అడుగున కంకర పరచి, నీళ్లు నింపి, రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు నీరు 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. అరగంట లోపు దిగితే ఇంకుడు గుంత పనిచేస్తుంది. అరగంట నుంచి గంట దాకా పడితే కందకాలు తవ్వి నీటిని పరచాలి. గంట దాటితే ఆ నేలను నమ్ముకోకూడదు, ఫిల్టరు కట్టాలి. ఇదంతా పరీక్షలో మీరు రాసే ఉంటారు.

సైటు మీద నిలబడ్డాక అందరూ వదిలేసేది ఆ రాత్రి నానబెట్టడమే. నల్లరేగడి మే నెలలో పగుళ్లిచ్చి ఉంటుంది. పోసిన నీళ్లు పగుళ్లలోకి జారిపోతాయి, నేల బ్రహ్మాండంగా తాగుతోందని కాగితం మీద అంకె పడుతుంది. అదే రేగడి తడిసి ఉబ్బితే పగుళ్లు మూసుకుంటాయి, చుక్క దిగదు. జూన్‌లో కట్టిన గుంత సెప్టెంబర్‌లో పొంగి మోరీలో కలవడానికి చాలాసార్లు ఇదే కారణం. నీటిమట్టం సంగతీ అంతే. ఆయకట్టులో దాన్ని ఎండాకాలంలో కొలిచి డిజైన్ చేయకండి. కాలువ పారే రోజుల్లో కొలవండి. అప్పటిదాకా ఆగడం కుదరకపోతే ఆ వీధిలోని పాత బావి గోడ చూడండి. నిండు కాలంలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో రాళ్ల మీది మరక చెబుతుంది. పక్కింటి పెద్దమ్మను అడగండి, "వానకాలంల నీళ్లు ఏడిదాక వస్తయమ్మా?" అని. ఆమె మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తే ఆ కొలతను నోట్‌బుక్‌లో రాసుకోండి.

నీరు పైనే ఉన్నచోట కిందికి తవ్వకండి, పైకి కట్టండి. ఇసుక దిబ్బ పోసి శుద్ధి చేసే పద్ధతిని అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1970లలో ఇలాంటి నేలల కోసమే తీర్చిదిద్దింది. దాని సూత్రం మనకూ సరిపోతుంది: ట్యాంకు నుంచి వచ్చే నీటికీ, భూగర్భ జలానికీ మధ్య నీట మునగని మట్టి ఉండాలి. లేదంటే దాన్ని మనమే తెచ్చి పోయాలి. ఇంకొక హెచ్చరిక. నీటిమట్టం పైన ఉన్న కాలంలో పూడ్చిన 2,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకును ఖాళీ చేస్తే భూమిలోని నీరు దాదాపు రెండు టన్నుల బలంతో దాన్ని పైకి నెడుతుంది. కింద కాంక్రీటు పోసి బిగించకపోతే పైపులు తెంచుకుని పడవలా లేస్తుంది.

ఫ్లోరైడ్ ఏం చేస్తుందో నల్గొండ మనుషులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వంగిపోయిన నడుములను చూసిన జిల్లా ఇది. అయితే మన గుంతల నుంచే భూగర్భంలోకి దిగే నైట్రేట్‌ను మనం ఇంకా అంత భయంతో చూడటం లేదు. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. ఎక్కువైతే మొదట దెబ్బతినేది సీసా పాలు తాగే పసిబిడ్డ. సెప్టిక్ ట్యాంకు నైట్రోజన్‌ను ఆపదు. బావికీ ఇంకుడు గుంతకూ మధ్య 18 మీటర్లు వదలమన్న నియమం అందుకు కూడా అక్కరకొస్తుంది. పగుళ్ల రాయిలో ఆ దూరం కూడా చాలదు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ట్యాంకులో మనిషి దిగకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువగా ఉన్నప్పుడు ముక్కుకు వాసన కూడా తెలియదు, మనిషి కూలిపోతాడు. అతన్ని కాపాడాలని దిగిన రెండోవాడూ పోతాడు. కోలార్ బంగారు గనుల్లోని సఫాయి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ మనుషులతో మలం ఎత్తించే పనికీ, ఈ చావులకూ వ్యతిరేకంగా ఏళ్లుగా పోరాడుతున్నారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. మన చేతిలో ఉన్నది డిజైను. మ్యాన్‌హోల్ మూతను వంటింటి టైల్స్ కింద కప్పెట్టనివ్వకండి. ట్యాంకరు పైపు అందే చోట ట్యాంకు పెట్టండి. ఇన్‌లెట్ మీద ఒకటి, ఔట్‌లెట్ మీద ఒకటి మూతలు పెట్టండి. రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలని ఇంటివాళ్లకు రాసి ఇవ్వండి. ఇంటి యజమాని ఖర్చు తగ్గించమంటాడు. టైల్స్‌లో తగ్గించమనండి, ఇందులో వద్దనండి.

రేపటి నుంచి మీ సంతకంతో ప్లాన్లు బయటికి వెళ్తాయి. నాదొక విన్నపం. ప్రతి ప్లాన్ మీద నీటిమట్టం ఎంత లోతులో ఉందో రాస్తారు కదా, ఆ అంకె పక్కన దాన్ని ఏ నెలలో కొలిచారో కూడా రాయండి.