పిచ్చిదని ఒప్పుకుంటేనే న్యాయమా?
(ప్రసంగ పాఠం)



మతి స్థిమితం లేని మనిషిని శిక్షించకూడదన్నది మంచి సూత్రమే. కానీ ఆ సూత్రాన్ని ఎవరి అనుభవంతో కొలిచి రాశారు? ఇంగ్లండు చట్టాన్ని ఈ ప్రశ్నతో చూద్దాం.

1843లో డేనియల్ మెక్‌నాటన్, ప్రధాని రాబర్ట్ పీల్ అంతరంగిక కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను కాల్చి చంపాడు. పాలకపక్షం తనను వెంటాడుతోందన్నది అతని భ్రమ. ఉన్మాదం కారణంగా నిర్దోషి అంది జ్యూరీ. దేశం గగ్గోలెత్తింది. ప్రభువుల సభ వివరణ కోరితే న్యాయమూర్తులు చెప్పిన జవాబే నేటికీ కొలబద్ద: మనోవ్యాధి వల్ల వివేచన దెబ్బతిని, చేస్తున్న పనేమిటో, లేదా అది తప్పని, తెలియకపోవాలి. రుజువు చేసే భారం నిందితులదే.

ఏళ్ళ తరబడి దెబ్బలు తిని కుంగిపోయిన స్త్రీకి తానేం చేస్తోందో తెలుస్తుంది. కాబట్టి ఈ రక్షణ ఆమెకు అందదు. ఇక మిగిలినవి రెండు దారులు. ఒకటి, భర్త రెచ్చగొట్టాడనడం. దీనికి 'హఠాత్తుగా' అదుపు తప్పాలని 1949 నాటి డఫీ కేసు చెప్పింది. అప్పటికప్పుడు చెయ్యెత్తగలిగిన మగవాడి కోపానికి సరిపోయే కొలత అది. భయంతో లోలోపలే రగిలే స్త్రీకి సరిపోదు. రెండోది, 1957 చట్టం తెచ్చిన 'తగ్గిన బాధ్యత'. మానసిక అస్వస్థత రుజువైతే హత్య నేరం అంతకన్నా తక్కువదైన నరహత్యగా మారుతుంది.

పంజాబు నుంచి కోడలిగా వెళ్ళిన కిరణ్‌జీత్ అహ్లువాలియా పదేళ్ళు హింస భరించి, 1989లో నిద్రపోతున్న భర్తకు నిప్పంటించింది. అతను చనిపోయాడు. ఆమెకు యావజ్జీవం పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ ఉద్యమించారు. 1992లో అప్పీలు కోర్టు రెచ్చగొట్టారన్న వాదనను తోసిపుచ్చి, ఆమె తీవ్రమైన కుంగుబాటుకు సంబంధించిన వైద్య సాక్ష్యం ఆధారంగా పునర్విచారణకు ఆదేశించింది. ఆ ఏడాదే ఆమె విడుదలైంది.

సంతోషించాల్సిందే. కానీ ఆమెను విడిపించింది పదేళ్ళ హింస కాదు, ఆమె మనసుకు అంటగట్టిన జబ్బు. అతని నేరం ఆమె రోగంగా మారింది! 2009 చట్టం 'హఠాత్తు' షరతును తీసేసి, తీవ్ర హింస జరుగుతుందన్న భయాన్నీ లెక్కలోకి తీసుకుంది. ఆ మార్పుకు స్త్రీల పోరాటమే దారి వేసింది.

మెక్‌నాటన్ సూత్రాల నీడలోనే మన శిక్షాస్మృతి 84వ సెక్షను రాశారు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షను. 'తగ్గిన బాధ్యత' అన్న మినహాయింపు మనకసలు లేదు. రెచ్చగొట్టడం మాత్రం ఇంకా 'హఠాత్తుగానే' జరగాలి. ఇలాంటి కేసుల్లో స్త్రీల తరఫున నిలబడే మనం వైద్యుల సర్టిఫికెట్లతో సరిపెట్టుకోకూడదు. ఆ ఇంట్లో జరిగిన హింస చరిత్రంతా కోర్టు రికార్డులోకి ఎక్కేలా పట్టుబట్టాలి.