నీడలోని వడదెబ్బ



రోహిణికార్తెలో రోళ్లు పగులునని మనవారు చెప్పుట మీరెరిగినదే. రోలు పగులు ఎండకు మనుష్యదేహ మెట్లు నిలుచుచున్నదో, ఎప్పుడు నిలువజాలదో నాలుగు మాటలలో మనవి చేసెదను.

ఆరోగ్యవంతుని దేహోష్ణము సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు. వెలుపలి వేడిమి అంతకు మించినప్పుడు దేహమును చల్లార్చునది ముఖ్యముగా చెమటయే. కుండ చెమర్చి అందలి నీటిని చల్లబరచినట్లే, చర్మముపై చెమట ఆరుచు లోని వేడిని గొనిపోవును. ఒంటిలో నీరు తరిగినను, సముద్రతీరమునందువలె గాలిలో తేమ హెచ్చి చెమట ఆరకున్నను ఈ యేర్పాటు చెడును. దేహోష్ణము 40 డిగ్రీలు దాటి మతి చెదరినచో అదియే వడదెబ్బ. మెదడు, గుండె, మూత్రపిండములు వరుసగా దెబ్బతినును.

ఇది ఎండలో తిరుగువారికే తగులునని నేనును చిరకాలము నమ్మితిని. 2015వ సంవత్సరము మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఎండలకు వేయిమందికి పైగా మరణించిరి. ఆ దినములలోనే మా పొరుగింటి వృద్ధుడొకడు మూడుదినములు తన రేకుల యింటినుండి వెలుపలికి రాలేదు. దాహము లేదని నీరును సరిగా త్రాగలేదు. ఒకనాటి మధ్యాహ్నము మేము పోయి చూచుసరికి ఒడలు కాలుచుండెను, సంధిమాటలాడుచుండెను. జ్వరమనుకొని దుప్పటి కప్పితిమి; జ్వరపుమాత్ర మింగించితిమి. వైద్యుడు వచ్చుసరికి ప్రాణము పోయెను. ఆ దుప్పటి కప్పిన చేతులలో నా చేయియు నొకటి. అందుచేతనే ఈ ప్రసంగము.

వయసు మీరినకొలది దాహము తెలియుట తగ్గును, చెమటయు తగ్గును. కావున దాహము లేకున్నను మాటిమాటికి కొంచెము నీరో, ఉప్పు వేసిన పలుచని మజ్జిగయో పుచ్చుకొనవలెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు ఎంత త్రాగవలెనో వైద్యునడిగి తెలిసికొనవలెను. ఎండకాలమున ఒడలు కాలి మాట తడబడువానిని వెంటనే చల్లనిచోటికి జేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలెల్ల నీటితో తడిపి విసరవలెను. జ్వరపుమాత్ర ఈ వేడికి పనిచేయదు. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. 108కి కబురుచేసి, బండి వచ్చువరకు తడుపుచునే యుండవలెను.

ఊరిలో మీ మాట చెల్లును. రోహిణి వెళ్లువరకు కూలిపనులు ఎండ ముదరకమునుపే ముగింపజేయుడు. ఒంటరిగానున్న ముసలివారి తలుపు ప్రతిదినము మధ్యాహ్న మొకమారు తట్టుడు. మా వీధిలో ఆ తలుపును మూడుదినములవరకు తట్టినవారు లేకపోయిరి.

సెలవు.