చల్లని కడలిలో చమురు తెట్టు



చలికాలంలో పెరుగు తొందరగా తోడుకోదని మీకు తెలుసు. తోడులోని సూక్ష్మజీవులు చలికి నెమ్మదిగా పనిచేస్తాయి. చల్లని సముద్రంలో ఒలికిన చమురు విషయమూ ఇటువంటిదే.

1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ నీటిలోని రాతిదిబ్బకు తగులుకుంది. సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రం పాలయింది. తీరంలోని రాళ్లను వేడినీళ్లతో, గట్టి ఒత్తిడితో కడిగారు. చమురు కొంత పోయింది. కాని రాళ్లను పట్టుకుని పెరిగే నాచు, ఆ నాచు చాటున బతికే చిన్న ప్రాణులు కూడా చచ్చిపోయాయి.

మరి చమురును తినే బాక్టీరియా మాటేమిటి? అవి ఆ నీటిలో ముందునుంచీ ఉన్నాయి. చమురులో వాటికి కర్బనం దొరుకుతుంది. నత్రజని, భాస్వరం దొరకవు. అందుకని శాస్త్రజ్ఞులు తీరంపై ఎరువు చల్లారు. చాలాచోట్ల చమురు విరిగిపోవడం వేగం పుంజుకుంది.

నీటిలో తేలే సూక్ష్మమైన నాచు మరోలా పనిచేస్తుంది. అది వదిలే జిగురుకు చమురు బిందువులు అంటుకుని, ముద్దలై అడుగుకు దిగుతాయి. పైన నీరు తేటపడినా చమురు పోయినట్టు కాదన్నమాట.

అలాస్కాలో గులకరాళ్ల కింద, ప్రాణవాయువు సరిగా అందని చోట, పాతికేళ్ల తరువాత కూడా చమురు కనిపించింది. కనుక సూక్ష్మజీవులున్నాయి కదా అని ధీమా పనికిరాదు. చమురు ఒలకకుండా చూసుకోవడమే అన్నిటికన్నా మేలు.