గవాచి వెలుగు – చలనచిత్రకళ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



మడకశిర సీమకు వానల కరవు కలదు గాని వెలుగు కరవు లేదు. ఆ వెలుగును కొలతగా ఇంటిలోనికి రానిచ్చుటయందు ఇచ్చటి పెద్దలు మిక్కిలి నేర్పు చూపిరి. ఎండవేడిమి సోకకుండుటకై మట్టిమిద్దెలకు మందపు గోడలు కట్టి, కిటికీలు తగ్గించి, వెలుగునకై కప్పులో గవాచి యనబడు చిన్న రంధ్రమును విడిచెడివారు. ఉదయమున గవాచినుండి దిగిన ఎండ పడమటి గోడపై పడును. మధ్యాహ్నమునకు నేలకు దిగును. సాయంకాలమునకు తూర్పు గోడ నెక్కును. గడియారము లేని ఇల్లాలు ఆ ఎండపొడను చూచియే ఎసరు పెట్టెడిది.

వంటపొగ లేచినపుడు ఆ వెలుగు స్తంభమువలె నిలిచి కనబడును. పొగయు ధూళియు లేనిచో ఆ స్తంభము లేదు. సున్నము కొట్టిన గోడను తాకి మరలిన వెలుగు మెత్తనై గదియంతయు నిండును. ఈ రెండు సంగతులే చలనచిత్ర ఛాయాగ్రహణమునకు ఓనమాలు.

మైసూరులో జన్మించిన వి.కె. మూర్తిగారు 1959 నాటి ‘కాగజ్ కే ఫూల్’ చిత్రమున అద్దములతో సూర్యకిరణమును స్టూడియోలోనికి మరలించి, అట్టి వెలుగు స్తంభమునే నిలిపిరి. 1956లో సత్యజిత్ రాయ్ గారి ‘అపరాజితో’ చిత్రమునకై కాశీలోని ఇంటి ముంగిలిని కలకత్తా స్టూడియోలో నిర్మింపవలసి వచ్చెను. అట్టి ముంగిటిలో ఆకాశపు వెలుగు నలుదిక్కుల సమముగా పరచుకొనును. గట్టి నీడలు పడవు. ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రగారు పైన తెల్లని వస్త్రమును పరపించి, దీపములను దానివైపు త్రిప్పి, మరలివచ్చిన వెలుగుతోనే చిత్రము తీసిరి. సున్నపుగోడ చేయు పనిని అచ్చట వస్త్రము చేసెను.

అనంతపురము జిల్లా తాడిపత్రిలో 1912లో జన్మించిన కె.వి. రెడ్డిగారి ‘మాయాబజార్’ 1957లో వెలువడెను. అందలి నౌకావిహారమునకు మార్కస్ బార్‌ట్లేగారు స్టూడియోలో వెన్నెల కాయించిరి. వేసవిరాత్రులు మిద్దెపై పండుకొని నిజమైన వెన్నెల నెరిగిన పల్లెప్రజలే దానిని మెచ్చుకొనిరి. పరీక్షకులు వారు, అందుచేతనే ఆ మెప్పునకు విలువ.

నేడు మిద్దెలు పోయి కాంక్రీటు కప్పులు వచ్చుచున్నవి, గవాచులు మూతపడుచున్నవి. ఇది తప్పనరాదు. మిద్దె కారిన రాత్రి గిన్నెలు పెట్టుచు మేల్కొన్న ఇల్లాండ్రే ఆ కష్టమెరుగుదురు. అయితే పగలే విద్యుద్దీపము వెలుగు ఇంట పెరిగిన పిల్లలకు ప్రొద్దు ఏ గోడపై నున్నదో తెలియకున్నది. ఒకనాడు స్టూడియోలకే దక్కిన సాధనము నేడు ఫోను రూపమున పల్లెబాలుని చేతికి వచ్చినది. కొరవడినది చూపు.

మనుష్యుని కన్ను చీకటికి అలవాటుపడి సర్దుకొనును. కెమెరా అంతగా సర్దుకొనలేదు. కావున తల్లి ముఖమును చిత్రింపగోరు బాలుడు ముందుగా దీపము నార్పవలెను. ఆమె గడపకడ కూర్చుండి బియ్యమేరుచుండగా ఉదయము, మధ్యాహ్నము, సంధ్య యను మూడు వేళల పరికింపవలెను. ఏ వేళ ముడుతలు గట్టిగా కనబడునో, ఏ వేళ చేటలోని బియ్యపు తెలుపు ఆమె గడ్డముక్రింది నీడను కరిగించునో గ్రహించిన పిదపనే కెమెరా నెత్తవలెను. ఇందులకు ధనవ్యయము లేదు. ఓపిక యొక్కటియే కావలెను.

గ్రంథాలయమునకు వచ్చు బాలుడు అక్షరము ఏ కిటికీకడ స్పష్టముగా కనబడునో తానే యెరిగి అచ్చట కూర్చుండును. ఆ యెరుకను ఇంటికిని కొనిపోవుగాక!