స్వాధ్యాయమును విడువని నాయకత్వము



కళాశాలలో విద్యార్థి నాయకుడైన కుమారుని గూర్చి తల్లిదండ్రులు మమ్ము తరచు అడుగుచుందురు. "శాస్త్రిగారూ, వానిని ఆ బాధ్యత మానుకొమ్మందుమా? చదువు చెడునేమోయని భయముగా నున్నది." ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఒకవంక వాని భవిష్యత్తు, మరొకవంక వానిని నమ్మిన తోటివారు ఉన్నారు.

తైత్తిరీయోపనిషత్తున శీక్షావల్లి తొమ్మిదవ అనువాకములో దీనికి సమాధానము కలదు. అచ్చట సత్యము, తపస్సు, ఇంద్రియ నిగ్రహము, అగ్నిహోత్రము, అతిథిపూజ, లోకవ్యవహారము మొదలుగా 12 ధర్మములు చెప్పబడినవి. ప్రతి ధర్మముతోను స్వాధ్యాయ ప్రవచనములు జోడింపబడినవి. తాను చదువుట స్వాధ్యాయము, ఇతరులకు చెప్పుట ప్రవచనము. ఒక్కమారు చెప్పిన చాలదా? చాలదు. చెడ్డపని వలన చదువు చెడినచో మనకు వెంటనే తెలియును. మంచిపని వలన చెడినచో తెలియదు. పుణ్యమే చేయుచున్నామని తలంతుము. కనుకనే ప్రతి మంచిపని చెంతను శ్రుతి ఆ హెచ్చరిక నిలిపినదని మేము భావింతుము. ధర్మమును మానుమని చెప్పలేదు. చదువును విడిచి చేయవలదని చెప్పినది.

వేదపాఠశాలలలో ఇది ఆచరణమున కనబడును. తైత్తిరీయ శాఖలో 82 పన్నములు కలవు. వానిని అభ్యసించుచున్న పెద్ద విద్యార్థియే చిన్నవారిని వేకువనే లేపును, వారిచేత వల్లె వేయించును, తగవులు తీర్చును. అయినను గురువుగారి యెదుట తన పాఠము అప్పగింపక తప్పదు. చిన్నవారి స్వరము దిద్దుటలో వాని స్వరము స్థిరపడును. క్రొత్త పాఠము లేని అనధ్యయన దినములు ఇతర కార్యములకు అక్కఱకు వచ్చును.

నేటి వ్యవస్థయు ఈ మాటనే అన్నది. విద్యార్థి సంఘ ఎన్నికలపై 2006లో లింగ్డో కమిటీ చేసిన సిఫారసులలో, పోటీచేయువారికి కనీసము 75 శాతము హాజరు ఉండవలెననియు, ఆ సంవత్సరమున తప్పిన పరీక్షలు మిగిలి యుండరాదనియు కలదు.

కావున నాయకుడైన విద్యార్థికి మేము చెప్పునది ఇది. వేకువజాము చదువునకే ఉంచుకొనుము. ఆ సమయమును ఏ సభకును ఈయకుము. పనిని సహచరులకు పంచుము. అన్నియు నేనే చేయవలెననుట సేవ కాదు, అహంకారము. తోటివారితో కూర్చుండి వెనుకబడినవానికి పాఠము చెప్పుము. అందు నాయకత్వమును, చదువును కలిసియే సాగును. ఇంత చేసినను చదువు కుంటుపడినచో, బాధ్యతను యోగ్యునకు అప్పగించుము. అది పరాజయము కాదు.

తల్లిదండ్రులారా! "పదవి మానుము" అనుటకు ముందు "నేడు ఏమి చదివితివి?" అని ప్రతిదినము అడుగుడు. ఆ ప్రశ్నకు తడబడక బదులు చెప్పగలిగినంత కాలము వానిని సేవ చేయనిండు.

స్వస్తి.