వేప ఎండిందని కొట్టేశా... తప్పు చేశా! ఇంటికి ఏ చెట్టు పెట్టాలి?

ఈరోజు ఎపిసోడ్‌లో ఫోన్లు లేవు, యాప్‌లు లేవు. ఒక చెట్టు సంగతి చెప్తా. నేను చేసిన తప్పు కాబట్టి దాచకుండా చెప్తా.

మాది వనపర్తి. మా గేటు పక్కన ఒక వేప చెట్టు ఉండేది. మా నాయన చిన్నప్పుడు పెట్టింది. ఎండాకాలం వస్తే మా అవ్వ కుర్చీ దాని కిందే. 2021లో నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నా. వానలు తగ్గేసరికి కొమ్మల చివర్లు ఎర్రగా మాడిపోయాయి. నెల తిరక్కుండా చెట్టంతా ఎవరో మంట పెట్టినట్టు అయింది. మా ఒక్క ఇంట్లోనే కాదు. గద్వాల రోడ్డు మీద, నాగర్‌కర్నూల్ దారిలో, ఎటు చూసినా వేపలు అట్లనే నిలబడ్డాయి.

వాట్సాప్‌లో ఏవేవో తిరిగాయి. సెల్ టవర్ రేడియేషన్ అని ఒకరు, అరిష్టం అని ఇంకొకరు. అవ్వ మాత్రం ఒక్క మాట అన్నది: "తొందరపడి కొట్టియ్యకు బిడ్డా, ఉగాది దాక సూడు."

నేను వినలేదు. బీటెక్ చదివినోణ్ణి కదా! ఎండిన చెట్టు మీద పడుతుందేమోనని నవంబర్‌లో మనుషుల్ని పిలిచి మొదలుదాకా కొట్టించా. రీస్టార్ట్ చేస్తే సరిపోయేదాన్ని ఫార్మాట్ కొట్టేశానన్నమాట.

తర్వాత ఏమైంది? పక్కింటి పెద్దనాయన వాళ్ళ వేప కూడా అచ్చం అట్లనే ఎండింది. ఆయన ముట్టుకోలేదు. ఫిబ్రవరి చివర్లో చిగురు పెట్టింది. 2022 ఉగాదికి మా పచ్చడిలోకి పువ్వు వాళ్ళ చెట్టు నుంచే తెచ్చుకున్నాం. ఆ రోజు అవ్వ నన్ను ఏమీ అనలేదు. కుర్చీ తీసుకుని పక్కింటి వేప కిందికి పోయింది. అంతే.

అసలు ఆ జబ్బేంటి? ఇంగ్లీషులో డైబ్యాక్ అంటారు. అంటే కొమ్మ చివర మొదలై కిందికి ఎండుకుంటూ రావడం. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే ఫంగస్ దీనికి ముఖ్య కారణం. కొత్తదేం కాదు, 1997లోనే శాస్త్రవేత్తలు దానికి ఆ పేరు పెట్టారు. టీ దోమ అనే చిన్న పురుగు లేత కొమ్మల రసం పీలుస్తుంది, ఆ గాయాల దగ్గర జబ్బు ఇంకా ముదురుతుంది. వానలు, తేమ ఉన్నప్పుడు మొదలై చలికాలానికి బాగా కనిపిస్తుంది. ఎండలు ముదిరేసరికి చాలా చెట్లు మళ్ళీ చిగురిస్తాయి. అన్నీ బతకవు, కానీ చాలా బతుకుతాయి. అందుకే ఆగాలి.

మరి బతికుందో లేదో ఎట్ల తెలుస్తుంది? గోరుతోనో చిన్న కత్తితోనో బెరడు కొంచెం గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో పెళుసుగా ఉంటే ఆ కొమ్మ పోయినట్టు. ఒక్క కొమ్మ చూసి ఆగొద్దు, కిందికి వస్తూ మొదలుదాకా చూడండి. ఎండిన కొమ్మలు కొట్టించి కాల్చేయండి. కరెంటు తీగల మీద, దారి మీద వేలాడేది మాత్రం వెంటనే తీయించాలి. మొదలు చుట్టూ సిమెంటు వేసి ఉంటే పగలగొట్టి వేళ్ళకు నీళ్ళు అందేలా చేయండి. మందు కొట్టాలనుకుంటే వ్యవసాయాధికారిని అడిగి మోతాదు తెలుసుకోండి. మందు కొట్టిన చెట్టు పుల్లతో పళ్ళు తోమొద్దు, పువ్వు పచ్చడిలో వేయొద్దు.

ముసలి చెట్టుకు వైద్యం చేయడం వింతేం కాదు. మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 700 ఏళ్ళంటారు. చెద పట్టి 2017 డిసెంబర్‌లో కొమ్మ విరిగిపడితే, తర్వాతి ఏడాది సెలైన్ బాటిళ్ళు కట్టి మందు ఎక్కించారు. ఇప్పటికీ నిలబడే ఉంది.

నిజంగా చచ్చిపోతే మార్చాల్సిందే. ముందు ఒక మాట. 2002 నాటి వాల్టా చట్టం ఉంది, చెట్టు కొట్టే ముందు అటవీశాఖ వాళ్ళను అనుమతి గురించి అడగండి. నాకప్పుడు ఈ సంగతి కూడా తెలీదు.

నా రెండో తప్పు, దాని జాగాలో కోనోకార్పస్ పెట్టడం. తొందరగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, రీల్స్‌లో బాగుంటుంది. మూడేళ్ళకు డ్రైనేజీ పైపులో దాని వేళ్ళు జడలాగా బయటికొచ్చాయి. దాని పుప్పొడితో ఊపిరి జబ్బులొస్తాయా అన్నదాని మీద వాదనలున్నాయి, నేను అందులోకి పోను. పైపు సంగతి మాత్రం నా కళ్ళతో చూశా. గుజరాత్ 2023లోనే ఈ చెట్టు నాటొద్దని చెప్పింది.

కాబట్టి లెక్క ఇట్ల పెట్టుకోండి. చెట్టు ఫోటో చూసి కాదు, మీ జాగా చూసి ఎంచుకోవాలి.

జాగా చిన్నదైతే కరివేపాకు, నిమ్మ, పారిజాతం, జామ, సీతాఫలం. సీతాఫలం మన పాలమూరు గుట్టల్లో ఎవరూ నీళ్ళు పోయకుండానే కాస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఎర్ర చెల్కల్లో బాగుంటుంది. గద్వాల వైపు నల్లరేగడిలో నీళ్ళు నిలిచే చోట మాత్రం పెట్టకండి. మునగ పెట్టొచ్చు కానీ కొమ్మ పెళుసు, గొంగళి పురుగులు పడతాయి, కిటికీకి దూరంగా పెట్టండి. కొంచెం జాగా ఉంటే ఉసిరి, పొగడ. గేటు బయట నీడకు కానుగ. అది ఎండకు తట్టుకుంటుంది, రెండు రకాల నేలల్లోనూ బతుకుతుంది. నేరేడు మంచిదే, కానీ దాని కింద కారు పెట్టొద్దు. రావి, మర్రి గోడ పక్కన అసలొద్దు. అవి చెరువు కట్ట మీద, గుడి దగ్గర ఉండాల్సినవి.

పెద్ద చెట్టుకూ గోడకూ మధ్య 20 అడుగులు, చిన్నదానికి 8 నుంచి 10 అడుగులు వదలండి. పైన కరెంటు తీగ ఉంటే పెద్ద చెట్టు ఆలోచన మానేయండి. పాత మొద్దు ఉన్న గుంతలోనే పెట్టకుండా నాలుగడుగులు జరపండి. తొలకరి పడ్డాక రెండడుగుల గుంత తీసి, మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. కవర్లో వేళ్ళు చుట్టలు చుట్టుకున్న మొక్క తీసుకోవద్దు. మొదటి రెండు మూడు ఎండాకాలాలు నీళ్ళు పోయాలి. తర్వాత అదే చూసుకుంటుంది.

మేం ఏం చేశామంటే, కోనోకార్పస్ పీకించాం. గేటు బయట కానుగ, లోపల మొద్దుకు నాలుగడుగుల అవతల మళ్ళీ వేపే పెట్టాం. జబ్బు వస్తుందని వేపను వదిలేస్తే రేపు ఉగాదికి పువ్వెక్కడిది? మొక్క ఇప్పుడు నా నడుందాకా వచ్చింది. అవ్వ రోజూ పొద్దున ఒక చెంబెడు నీళ్ళు పోస్తుంది. నీడకు మాత్రం ఇంకా పక్కింటికే పోతుంది.

మీ ఇంటి ముందు వేప ఎండినట్టు కనిపిస్తే ఈరోజే గోరుతో గీకి చూడండి. లోపల పచ్చగా ఉందో లేదో కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా మరి.